పంపకానికి ఒప్పుకోని మేడం

మేడం పోయారన్న మాట నాకు ఆదివారం ప్రార్థన ముగిసి, మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు చేరింది. నాచారంలో ఆమె ఉండే అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. పొద్దున పాలవాడు ఎంత పిలిచినా తలుపు తీయలేదట. తాళం పగలగొట్టి చూస్తే మంచం మీదే ఉన్నారట. నిద్రలోనే అయిపోయిందని డాక్టరు చెప్పి వెళ్లాడట. చివరికి, "నీకు చెప్పకుంటే ఎవరికి చెప్పాలె అక్కా" అన్నాడు. నేను చెప్పులు వేసుకోవడం మరిచిపోయి ఆ మెట్టు మీదే కూర్చున్నాను.

నేను వెళ్లేసరికి పార్కింగులో కార్లు పక్కకు తీసి, ఫ్రీజరు పెట్టెలో ఆమెను పడుకోబెట్టారు. అద్దంలోంచి చేతులు కనిపించాయి. గోళ్ల సందుల్లో బూడిదరంగు రాతిదుమ్ము ఇంకా అలాగే ఉంది. శనివారం కూడా పని చేశారన్నమాట. కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుంటున్నారు. అంత చదివిన మనిషి, రిటైరయ్యాక యాత్రలు తిరగకుండా రాళ్ల దగ్గర ప్రాణం పోగొట్టుకుందని ఒకామె జాలిపడింది. "మొన్న రాష్ట్రం పంపకాలప్పుడు గూడ రాళ్ల కోసం లొల్లి జేసిందట" అని పక్కాయన అన్నాడు. సన్నగా నవ్వుకున్నారు.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. చర్చిలో సాక్ష్యం చెప్పమంటేనే వెనక వరుసలోకి జరుగుతాను. ఆ రోజు అక్కడ ఏమీ అనలేదు. ఆ మాటలకు జవాబు ఇక్కడ రాస్తున్నాను. మేడం రాళ్ల దగ్గర ప్రాణం పోగొట్టుకోలేదు. లొల్లి చేశారన్నది మాత్రం నిజం. ఎందుకు చేశారో తెలిస్తే మీలో కొందరైనా ఆమె పక్కన నిలబడి ఉండేవాళ్లమని అనుకుంటారని నా నమ్మకం.

నాది భువనగిరి పక్క ఊరు. పెళ్లయ్యాక చిల్కానగర్‌కు వచ్చాం. పదో తరగతి చదివాను. నాచారంలో ఒక బట్టల కొట్టు వెనకగదిలో మగ్గం పని చేస్తాను. మా పనిలో ముందు ఖాకా తీస్తారు. అంటే, డిజైనును పల్చటి బటర్ పేపరు మీద గీసి, ఆ గీత వెంబడి సూదితో సన్నటి బెజ్జాలు పొడుస్తారు. ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడి రుద్దితే చుక్కచుక్కలుగా డిజైను కిందికి దిగుతుంది. ఆ చుక్కల మీద దారం, జరీ, పూస.

మేడం ఒకరోజు చిరిగిన శాలువా రఫూ చేయించుకోవడానికి వచ్చారు. శాలువా సంగతి మరిచిపోయి నా పక్కన నిలబడి ఖాకా చూస్తూ ఉండిపోయారు. చాలాసేపటికి ఒక ప్రశ్న అడిగారు. కాగితం చదునుగా ఉంటుంది కదా, గుండ్రంగా ఉండే భుజం మీద ముడత పడకుండా ఎలా కూర్చుంటుంది అని. అంచుల్లో అక్కడక్కడ చిన్న గాట్లు పెడితే వంపు తిరుగుతుందని చెప్పాను. ఆమె తల ఊపి వెళ్లిపోయారు. శాలువా అక్కడే వదిలేశారు.

మర్నాడు చేతిసంచిలో టవల్‌తో చుట్టిన ఒక రాయి తెచ్చారు. పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న రాయి. పైన ఒకచోట పెచ్చు ఊడిపోయింది. ఆ ఊడినచోట సన్నటి గీతలు. ఆకుల అంచులాగా, జాలరు కుచ్చిళ్లలాగా, ఒక గీత పక్కన ఇంకో గీత. నేను పాతికేళ్లుగా డిజైన్లు గీస్తున్నాను. అంత పనితనమున్న అంచు ఏ చీర మీదా చూడలేదు.

"ఇది ఎవరు చెక్కిన్రు మేడం?" అని అడిగాను.

"ఎవరూ చెక్కలేదమ్మాయ్. ఇది ఒకప్పుడు సముద్రంలో ఈదేది" అన్నారు.

ఆక్టోపస్‌కు బంధువైన జీవి అట. కాళ్లన్నీ తలకే ఉంటాయి. నత్తలా చుట్టుకున్న గుల్లలో ఉంటుంది. ఒళ్లు పెరిగేకొద్దీ వెనకగది మూసేసి ముందుగదిలోకి జరుగుతుంది. ఆ గదుల గోడలు గుల్లను తాకినచోట పడిన గీతలే నేను చూసింది. వీటిని అమోనైట్లు అంటారని, గోడ అంచు సాదా వంపుగా ఉంటే అది వేరే జాతి, నాటిలస్‌దని, అంచు ఇలా కుచ్చిళ్లుగా ఉంటే ఆ కుచ్చిళ్ల తీరును బట్టి ఏ కుటుంబమో, ఏ రకమో చెప్పొచ్చని అన్నారు. మనకు వేలిముద్రలు ఎలాగో వాటికి ఆ గీతలు అలాగ. తన కళ్లకు ఇప్పుడు సన్నటి గీత ఆనడం లేదని, చెయ్యి వణుకుతోందని, నేను గీసిపెడతానా అని అడిగారు.

అలా మొదలైంది. ఆరేడేళ్లు సాగింది.

ఆ రాళ్లు ఉప్పల్‌లో ఒక పాత చదువుల సంస్థ మ్యూజియంలో ఉండేవి. సంస్థ పేరు రాయను, ఎవరినీ నొప్పించడం నా ఉద్దేశం కాదు. నిజాం కాలం నాటి హాలు, టేకు బీరువాలు. చాలా ఏళ్లుగా మూసి ఉంది. మేడం నగరంలోనే ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆమె సొంత ఊరు ఒంగోలు పక్కన సముద్రపొడ్డున. పెళ్లి చేసుకోలేదు. నాచారంలో స్థిరపడి ముప్పై ఏళ్లు దాటింది. ఈ హాలులో ఏముందో చూస్తానని తనే వెళ్లి అడిగి, జీతం లేకుండా పని చేసుకునే అనుమతి తెచ్చుకున్నారు.

మొదటిసారి నన్ను తీసుకెళ్లినప్పుడు ఆ బీరువాలు చూసి నాకు ముచ్చటేసింది. పెద్దరాయి వెనక, చిన్నరాయి ముందు, బొమ్మల కొలువులా ఎంతో చక్కగా పేర్చి ఉన్నాయి. ప్రతి రాయికీ పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. మేడం మాత్రం నుదురు పట్టుకున్నారు. సంగతేమిటంటే, అక్కడి సిబ్బంది ఏటా దసరాకు పనిముట్లతోపాటు ఈ రాళ్లనూ కిందికి దించి, కుంకుడు రసంతో కడిగి, బొట్లు పెట్టి, మళ్లీ అందంగా ఎక్కించేవాళ్లు. పాతకాలం వాళ్లు రాళ్ల మీద సిరాతో వేసిన నంబర్లు ఆ కడుగుడులో కొట్టుకుపోయాయి. పేర్ల చీటీలు ఒకచోట, రాళ్లు ఇంకోచోట. ఏ రాయి ఏ ఊరుదో, ఏ రకమో చెప్పే ఆధారం పోయింది.

అక్కడ స్టోర్లు చూసుకునే పెద్దాయన భయపడుతూ, "మంచిగుండాలెనని జేసినం మేడం" అన్నాడు. ఆమె తిడతారనుకున్నాను. తిట్టలేదు. "మీరు పూజ చేశారు కాబట్టే ఉన్నాయయ్యా. లేకపోతే ఎప్పుడో కంకరలో కలిసిపోయేవి" అన్నారు. ఆ తర్వాత కూడా దసరాకు బొట్టు పెట్టనిచ్చేవారు. రాయికి కాదు, బీరువా తలుపుకు.

ఆమె పనితీరు నాకు మొదట్లో వింతగా ఉండేది. పాత టూత్‌బ్రష్షులు, సైకిల్ పంపు, పళ్లు కుట్టుకునే పుల్లలు. ఇవే ఆమె సామాను. తన దగ్గర ఒక పాత పుస్తకం జిరాక్సు కాగితాలు ఉండేవి. చాలా ఏళ్ల కిందట ఎవరో ఇవే రాళ్లను చూసి బొమ్మలు గీసి అచ్చు వేశారట. అసలు రాళ్లు ఏమయ్యాయో తెలియదని తర్వాతివాళ్లంతా రాసేశారట. అవి పోలేదని, ఈ బొట్ల కిందే ఉన్నాయని మేడం నమ్మకం. నేను ఒక్కో రాయికి గాట్లు పెట్టిన బటర్ పేపరు చుట్టి గీత ఎక్కించాలి. ఆ గీతను అచ్చులోని బొమ్మ మీద పెట్టి చూడాలి. కలిస్తే ఆ రాయికి పేరు తిరిగొస్తుంది.

మొదటిరోజు ఒకచోట గీత తెగిపోయి ఉంటే, రెండో పక్క చూసి పూరించమంటారా అని అడిగాను. మగ్గంలో అంతే కదా, కుడిపక్క ఎలా ఉంటే ఎడమపక్క అలా. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపారు. "గీత ఆగినచోట నువ్వూ ఆగు. మిగతాది మనకు తెలియదు. తెలియదని రాయడం తప్పు కాదు, తెలిసినట్టు గీయడం తప్పు" అన్నారు. ఆ మాట నేను మగ్గం దగ్గర పాటించలేను గానీ మిగతా అన్నిచోట్లా పాటిద్దామని చూస్తున్నాను.

మొదటి జోడీ కుదిరిన రోజు చెబుతాను. నేను గీసిన కాగితం అచ్చుబొమ్మ మీద పరిచారు. ఒక్క కుచ్చు కూడా పక్కకు పోలేదు. ఇంకా నమ్మకం లేక రాయిని తిప్పి చూశారు. బొమ్మలో అంచు దగ్గర ఒక చిన్న ముక్క విరిగి ఉంది. రాయికీ అక్కడే, అంతే విరిగి ఉంది. మేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పోయిందని రాశారు దీన్ని" అన్నారు మెల్లగా. ఆమె బయటి తిండి ముట్టరు. ఇంటి నుంచి పెరుగన్నం డబ్బా, మీద రెండు వేపిన మిరపకాయలు, ఏళ్ల తరబడి అదే. ఆ రోజు నన్ను ఉప్పల్ డిపో దాకా నడిపించి, బండి దగ్గర నిలబడి మిర్చిబజ్జీలు తిన్నారు. కారానికి కళ్లు తుడుచుకుంటూ ఇంకో ప్లేటు పెట్టించుకున్నారు.

మా ప్రార్థనా గుంపులో ఒక సోదరి నన్ను నిలదీసింది. కోట్ల ఏళ్ల నాటి రాళ్లంటావు, అది విశ్వాసం ఉన్నవాళ్లు అనాల్సిన మాటేనా అని. అదే మాట నేను మేడంను అడిగాను. ఆమెకు గుడీ లేదు, చర్చీ లేదు. అయినా నవ్వలేదు. "నీ దేవుడు తొందరపడ్డాడని నీకెవరు చెప్పారు?" అని తిరిగి అడిగారు. నాకు అది చాలు. ఆ సోదరికి కూడా అదే చెప్పాను. ఒప్పుకోలేదు. నేనూ మానలేదు. ప్రతిరోజూ పెన్సిలు పట్టే ముందు కళ్లు మూసుకుని, ఈ చేతిపనిని పాడుచేయకుండా గీయనివ్వు ప్రభువా అని అడిగేదాన్ని. నేను కళ్లు తెరిచేదాకా మేడం బ్రష్షు కదిపేవారు కాదు.

అలా బీరువా తర్వాత బీరువా తేలుతూ వచ్చింది. తమిళనాడులో అరియలూరు వైపు నుంచి వచ్చిన బండరాళ్లలాంటి పెద్దవి, గుజరాత్‌లో కచ్ నుంచి వచ్చిన ఎర్రమట్టి రంగువి, ఒంగోలు పక్క పలకరాతిలో అప్పడంలా అణిగిపోయినవి. మన తెలంగాణ నేలలో మాత్రం ఇవి దొరకవట. ఆ కాలంలో సముద్రం ఇక్కడిదాకా రాలేదని చెప్పారు. స్టోర్ల పెద్దాయన నొచ్చుకున్నాడు. "అప్పుడు గూడ మాకు నీళ్లియ్యలేదా మేడం" అన్నాడు. ఆ మాటకు మేడం కుర్చీలోంచి లేవలేనంతగా నవ్వారు.

అప్పటికి బయట ఉద్యమం నడుస్తోంది. బందులు, రాస్తారోకోలు. బస్సులు లేని రోజుల్లో మేడం నాచారం నుంచి గొడుగు పట్టుకుని నడిచి వచ్చేవారు. దారిలో పిల్లలు జెండాలతో ఆపి జై కొట్టమంటే కొట్టి వచ్చేవారు. తర్వాత ఢిల్లీలో బిల్లు పాసై రాష్ట్రం ఖాయమైంది. నాకు సంతోషం. మా ఆయన చిల్కానగర్ చౌరస్తాలో అందరికీ లడ్డూలు పంచాడు. మేడంకు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. తిని, బాగుందన్నారు.

ఆ తర్వాతి నెలల్లోనే ఆఫీసుల్లో పంపకాలు మొదలయ్యాయి. కుర్చీలు, బీరువాలు, జీపులు, ఫ్యాన్లు, అన్నిటికీ రెండు రంగుల చీటీలు. గులాబీ రంగు చీటీ ఇక్కడ ఉండేది, పచ్చ చీటీ అక్కడికి పోయేది. ఒకరోజు సంస్థ సూపరింటెండెంటు సారు చీటీల కట్టతో మా హాలులోకి వచ్చారు. చెడ్డవాడు కాదు. ఆయన పని ఆయన చేస్తున్నారు. మేడం రాసి పెట్టిన ఊర్ల పేర్లు చదువుకుంటూ ఒంగోలు రాళ్లకు పచ్చ చీటీలు అంటించడం మొదలుపెట్టారు. ఎక్కడివో తెలియని వాటికి, వేరే రాష్ట్రాలవాటికి ఒకటి గులాబీ, ఒకటి పచ్చ. ఒక పెద్ద అమోనైటును పాతకాలం వాళ్లు నిలువునా కోసి నునుపు పెట్టారు. లోపలి గదులన్నీ కనిపిస్తాయి. ఆ రెండు చెక్కలనూ చూసి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "ఇది మంచిగున్నది మేడం. రెండు ముక్కలున్నయి, చెరి ఒకటి" అని ఒకదానికి గులాబీ, ఒకదానికి పచ్చ అంటించారు.

మేడం బల్ల దగ్గరి నుంచి లేచి వచ్చి, రెండు చెక్కలూ తీసుకుని, ముఖాలు కలిపి మూసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు.

"మీరే గద మేడం రాసిన్రు, ఇవి ఒంగోలు రాళ్లని. ఒంగోలుయి ఒంగోలుకే పోవాలె గద" అన్నారు సారు.

"ఒంగోలుదాన్ని నేను కూడా. నాకూ ఒక చీటీ అంటించండి" అన్నారు మేడం.

సారు మొహం మాడిపోయింది. తను అలాంటి ఉద్దేశంతో అనలేదని, పైనుంచి ఆర్డరని, ఫలానా తేదీలోపల పంచకపోతే తన మెడకు చుట్టుకుంటుందని చెప్పుకున్నారు. మేడం ఆయనకు ఒక పలకరాయి, ఒక గుండ్రాయి పక్కపక్కన పెట్టి చూపించారు. పలకరాయిలోది బరువుకు నలిగిపోయింది. దానికి అసలు ఆకారం ఎలా ఉండేదో అదొక్కటే చూస్తే ఎవరికీ తెలియదు. అదే కుటుంబానిది, నలగనిది పక్కన ఉంటేనే దాన్ని చదవగలం. విడదీస్తే అక్కడా రాళ్లే, ఇక్కడా రాళ్లే. ఇదీ ఆమె చెప్పింది. ఆయన విన్నారు. విని, సోమవారం లారీ వస్తుందని చెప్పి వెళ్లారు.

సోమవారం మేడం హాలు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేను చేతిమగ్గం రింగు, జాకెట్టు ముక్క తీసుకుని పక్కన కూర్చున్నాను. లారీ వచ్చింది, కుర్చీలు ఎక్కించుకుని పోయింది. మర్నాడూ కూర్చున్నాం. ఆ మర్నాడూ. అవతలి రాష్ట్రానికి వెళ్లబోయే ఆఫీసరు ఒకాయన వచ్చి, మన మనిషై ఉండి మీరే అడ్డుపడతారా అని మేడంను అడిగారు. "మన అంటే ఎవరండీ?" అని ఆమె అడిగారు. ఇటువైపు వాళ్లేమో, ఆంధ్రా మేడం రాళ్లు దాచుకుంటోందని క్యాంటీనులో చెప్పుకున్నారు. రెండు మాటలూ ఆమె చెవిన పడ్డాయి. తెచ్చుకున్న డబ్బా తెరిచి పెరుగన్నం తిన్నారు.

చివరికి సూపరింటెండెంటు సారు నన్ను పక్కకు పిలిచారు. "నీదే ఊరమ్మా? మనోళ్లే గద. జర ఆమెకు సమజ్ జెయ్" అన్నారు.

నా గొంతు ఎప్పుడూ లేవదు. అప్పుడూ లేవలేదు. మెల్లగానే చెప్పాను. "రాష్ట్రమొచ్చింది, నాకు మస్తు సంతోషం సారూ. కొత్త ఇల్లు కట్టుకున్నోళ్లు ముందుగాల దీపం పెడ్తరు. ఉన్న జీవిని రెండు చెక్కలు జేస్తరా?"

ఆయన కిటికీ దాకా వెళ్లి వచ్చారు. తర్వాత మేడం దగ్గరికి వచ్చి, స్టూలు పక్కన కిందే చతికిలబడి, ఆఫీసువాళ్లకు మాత్రమే తోచే ఉపాయం చెప్పారు. పంచాల్సింది ఒకటికంటే ఎక్కువ ఉన్న సామానునే. ఒక్కటే ఉన్నది ఎక్కడుంటే అక్కడే ఉంటుంది. "ఒక బీరువా, ఒక సెట్టు అని రాస్త మేడం. కాని తనిఖీకొచ్చేటోళ్ల కండ్లకు గూడ ఒక్కటే కనవడాలె" అన్నారు.

హాలు నిండా ఉన్న రాళ్లు ఒక్క బీరువాలోకి. ఆ వారం మేము పడిన పాట్లు చెప్పలేను. వడ్రంగిని పిలిచి అరల మధ్య అరలు కొట్టించాం. ఇక్కడ ఉండేవాళ్లు, అక్కడికి పోయేవాళ్లు, సిబ్బంది అంతా చేతులు మార్చుకుంటూ రాళ్లు అందించారు. తెల్లారితే విడిపోయేవాళ్లు ఒకరికొకరు, జాగ్రత్త, జారుతది, మెల్లగ అని చెప్పుకున్నారు. మేడం బీరువా ముందు నిలబడి దేని పక్కన ఏది కూర్చోవాలో చెబుతూనే ఉన్నారు. గొంతు పోయింది. చేత్తో సైగలు చేశారు. వరుస మాత్రం తప్పనివ్వలేదు.

తనిఖీ ఆఫీసరు తలుపు తెరిచి, కిక్కిరిసిన ఆ అరలు చూసి, ఇది ఒక్క బీరువానేనా అని అడిగారు. "ఒక్కటే సార్" అన్నారు సూపరింటెండెంటు సారు, ముఖంలో ఏమీ కనిపించనివ్వకుండా. ఆయన టిక్కు పెట్టి వెళ్లిపోయారు.

లొల్లి అంటే అది.

హాలు పోయింది. అక్కడ ఇప్పుడు కంప్యూటర్లు ఉన్నాయి. బీరువా సైకిల్ స్టాండు వెనక గదిలో ఉంది. మేడం పోయేదాకా అక్కడికే వెళ్లి పని చేశారు. రాళ్లను ఇక్కడే ఉంచినందుకు, ఊళ్లో ఉండే ఆమె తమ్ముడు ఆమెతో మాట్లాడటం మానేశారు. నలుగురిలో ఆయన తలెత్తుకోలేకపోతున్నారట, మన నేల రాళ్లు వాళ్లకు వదిలేసి వచ్చావని ఫోనులో అరిచారట. "నేను వదల్లేదు, వాటి దగ్గరే ఉన్నాను" అని చెప్పానని మేడం నాతో అన్నారు. తమ్ముడంటే ఆమెకు ప్రాణం.

ఆ తమ్ముడే వచ్చి తలకొరివి పెట్టారు. కర్మలన్నీ ముగిశాక, ఊరికి వెళ్లే ముందు ఆ రాళ్లు చూస్తానన్నారు. నేను తీసుకెళ్లాను. సూపరింటెండెంటు సారు తాళం తీశారు. తమ్ముడుగారు చంకలోంచి ఒక గుడ్డసంచి తీశారు. లోపల మడతపెట్టిన పాత పేపర్లు. ఊళ్లో అక్క పేరుమీద బడిలో ఒక చిన్న అద్దాల పెట్టె పెడతారట. అందులో పెట్టడానికి ఒంగోలు రాయి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కావాలన్నారు. "అక్క ఎటూ రాలేదమ్మా. అదన్నా మా ఊరికి రానీ" అన్నారు.

సారు నా వైపు చూసి, "ఒక్క రాయే గదమ్మా, ఇయ్యి. నేను సూడలే అనుకుంట" అని గది బయటికి వెళ్లి నిలబడ్డారు.

నేను కళ్లు మూసుకుని ప్రార్థించాను. ఏ జవాబూ రాలేదు. అరలోంచి ఒక పలకరాయి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని గుండెకు ఆనించుకున్నారు. అప్పుడు దాని పక్కనే ఉండే గుండ్రాయిని తీసి ఆయన ముందు పెట్టాను. మేడం సారుకు చెప్పిన మాటలే, నాకు చేతనైనట్టు చెప్పాను. ఇది నలిగిపోయింది, అది ఉంటేనే ఇది చదవడానికి వస్తుంది అని. "ఇయ్యలేను అన్నయ్యా. తప్పుగ అనుకోకుండ్రి. ఆమె ఉంటే ఆమె గూడ ఇయ్యదు" అన్నాను.

తమ్ముడుగారు ఆ రెండింటినీ చూశారు. ఒకసారి పలక మీద, ఒకసారి గుండ్రాయి మీద వేలు తిప్పారు. చదువుకునే రోజుల్లో కూడా అక్క ఇలాగే మొండిదని అన్నారు. కోపంగా అనలేదు. రాయిని నాకివ్వకుండా తనే అర దగ్గరికి వెళ్లి వంగారు. అర చెక్క గరుకుగా ఉంది, పేళ్లు లేచాయి. రాయిని చుట్టి తీసుకెళ్లడానికి తెచ్చిన పేపర్లు సంచిలోంచి తీసి, ఒక్కొక్కటే మడత విప్పి, ముడతలు అరచేత్తో సాపు చేసి, అర అంతా పరిచారు. వాళ్ల ఊరి పేపరు. వలల అమ్మకం ప్రకటన ఒకటి పైకి వచ్చింది. దాని మీద పలకరాయి పెట్టి, పక్కన గుండ్రాయి జరిపి, రెండింటి మధ్య వేలు పెట్టి చూసుకున్నారు, ఒరుసుకోకుండా.